మంత్రి గారూ, మమ్మల్ని ఇంకెంత ఓరకి జరగమంటారు?

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సైకిల్ తొక్కేవాళ్ళం కలిసి మీ శాఖకి ఇచ్చిన వినతిపత్రాలు మీ దాకా వచ్చాయో లేదో మాకు తెలీదు. ప్రతిసారీ వచ్చిన జవాబు మాత్రం ఒకటే, "పరిశీలనలో ఉంది" అని. అందుకే ఇలా అందరూ చూసేలా రాయాల్సి వస్తోంది. మీ సైకిల్ లేన్ల పథకం సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ లేన్లు వచ్చేదాకా, వచ్చాక కూడా అవి లేని రోడ్ల మీద, మేం ఎక్కడ తొక్కాలో చెప్పండి. నేను అడిగేది ఈ ఒక్కటే.

మీ పోస్టర్లలో "ఓరగా వెళ్ళండి" అని ఉంటుంది. కూడలిలో నిలబడ్డ సిబ్బంది కూడా అదే అంటారు, వెనకనుంచి హారన్ కొట్టేవాళ్ళదీ అదే మాట. ఆ ఓరన ఏముంటుందో మీ శాఖలో ఒక్కరైనా సైకిలెక్కి చూశారా అండీ? కొట్టుకొచ్చిన ఇసుక, గాజు పెంకులు, రోడ్డుకి ఒక మెట్టు కిందో పైనో ఉండే మ్యాన్‌హోల్ మూతలు, చక్రం దిగబడిపోయేంత సందులున్న కాలువ జాలీలు, తారు మీద తారు పోసి పోసి అంచున మిగిలిన గట్టు, ఇవన్నీ అక్కడే ఉంటాయి. ఇవి దాటితే ఆగి ఉన్న కార్లు. కారు తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు మీటరు బయటికొస్తుంది, లోపలున్న మనిషి వెనక్కి చూడకుండా తోస్తే దాన్ని తప్పించుకునే టైం మాకుండదు. అందుకని ప్రతి అడ్డంకి దగ్గరా బయటికి రావడం, మళ్ళీ లోపలికి పోవడం, మళ్ళీ బయటికి రావడం. వెనకొచ్చే డ్రైవర్‌కి అది "ఉన్నట్టుండి అడ్డొచ్చాడు" అనిపిస్తుంది, నిజమే, ఎందుకు అనిపించదు! అదే అంచుకి ఒక మీటరు ఇవతల తిన్నగా ఒకే వరసలో తొక్కే సైకిల్ ఎటు పోతుందో ఎవరికైనా తెలుస్తుంది. కానీ అలా తొక్కితే మాకు తిట్లు.

లెక్క చూడండి. లేన్ వెడల్పు మామూలుగా మూడు నుంచి మూడున్నర మీటర్లు. అంచుకి అర మీటరు వదిలాం అనుకోండి, మా హ్యాండిల్‌కి ఇంకో అర మీటరు పైన, మధ్యలో ఒకటిన్నర మీటర్ల ఖాళీ, కారుకి దగ్గర దగ్గర 1.8 మీటర్లు. మొత్తం నాలుగు మీటర్లు దాటిపోయింది. అంటే అదే లేన్‌లో మమ్మల్ని సురక్షితంగా దాటడం కుదరని పని, పక్క లేన్‌లోకి వెళ్ళే దాటాలి. మేం అంచుకి అతుక్కుపోతే మాత్రం డ్రైవర్‌కి సందున్నట్టే కనిపిస్తుంది, అందులోంచి దూరిపోతాడు, వాళ్ళ అద్దం మా మోచేతిని రాసుకుంటూ పోతుంది. ఇరుకు రోడ్డు మీద మేం లేన్ మధ్యకి రావడం పొగరు కాదండీ, మా ప్రాణం కాపాడుకోవడం. బ్రిటన్ 2022లో తన హైవే కోడ్‌ని, అంటే రోడ్డు నియమాల పుస్తకాన్ని, మార్చి ఇదే రాసింది: ఖాళీ వీధుల్లో, నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో, కూడళ్ళు దగ్గరపడుతున్నప్పుడు, రోడ్డు ఇరుకైనచోట సైకిల్ తొక్కేవాళ్ళు లేన్‌కి మధ్యలో ఉండాలని, వెనకొచ్చేవాళ్ళు దాటడం క్షేమం అయినప్పుడు పక్కకి జరగాలని. జర్మనీ 2020లో సైకిల్‌ని దాటేటప్పుడు ఊళ్ళో ఒకటిన్నర మీటర్లు, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని నిబంధన పెట్టింది. మాకు కూడా ఆ దూరం ఎంతో అంకెతో సహా రాసి, ప్రతి డ్రైవర్‌కీ తెలిసేలా చెయ్యండి.

ఇక చేతి సిగ్నళ్ళు. "చెయ్యి చూపించి తిరగండి" అని మీ పోస్టర్‌లో బొమ్మ వేస్తే సరిపోదండీ. కుడివైపు బ్రేకు ముందు చక్రానికి ఉండే సైకిల్ మీద కుడి చెయ్యి చాపితే, బలంగా ఆపే బ్రేకు చేతిలో ఉండదు. గుంతల రోడ్డు మీద ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని తిరగమంటే పడిపోతాం. కాబట్టి ముందు భుజం మీదుగా వెనక్కి చూడాలి, సందుంటే కాస్త ముందుగానే చెయ్యి చాపాలి, మళ్ళీ రెండు చేతులూ హ్యాండిల్ మీదికి తెచ్చి అప్పుడు తిరగాలి. ఈ వరస డ్రైవర్లకి ఎవరూ నేర్పలేదు. చెయ్యి దించగానే తిరగడం మానుకున్నామనుకుని పక్కనుంచి దూసుకొస్తారు. ఎడమకి తిరగాలంటే కుడి చేతిని గుండ్రంగా తిప్పే పాత పద్ధతి కారులో కూర్చున్నవాళ్ళ కోసం పుట్టింది, వాళ్ళ ఎడమ చెయ్యి బయటికి కనబడదు కాబట్టి. మాకు రెండు చేతులూ కనబడతాయి కదా, ఎడమకి ఎడమ చెయ్యి, కుడికి కుడి చెయ్యి, అంతే అని ఒక్క ఉత్తర్వు ఇస్తే ఈ అయోమయం పోతుంది.

కూడళ్ళ సంగతి తల్చుకుంటేనే టెన్షన్. ఆమధ్య నేను తిన్నగా వెళ్తుంటే ఒక లారీ నన్ను దాటి, దాటీ దాటగానే ఎడమకి తిరిగింది. ముందు చక్రాలు నాకు దూరంగానే పోయాయి, పొడుగు బండి మలుపు తిరిగితే వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి కదా, అవి నా మీదికొచ్చాయి. సైకిల్ వదిలేసి పక్కకి దూకాను. అక్కడున్న సిబ్బంది నాతో అన్న మాట, "ఓరగా వెళ్ళాలి కదా!" అని. ఓరనే ఉన్నానండీ నేను. ఓరన ఉండబట్టే ఆ డ్రైవర్‌కి కనబడలేదు.

మిమ్మల్ని బతిమాలుతున్నాను. కూడళ్ళలో స్టాప్ లైన్ ముందు సైకిళ్ళకి కొంచెం జాగా గీయించండి, మేం డ్రైవర్‌కి పక్క అద్దంలో కాదు, ముందు అద్దానికి ఎదురుగా కనబడతాం. ఆ జాగాలోకి చేరే దారి కూడా ఇవ్వండి, లేకపోతే లారీ పక్క సందులోంచే దూరాల్సి వస్తుంది. పెద్ద కూడళ్ళలో కుడికి పోవాలంటే మేం మధ్య లేన్లలోకి రానక్కర్లేకుండా, తిన్నగా అవతలి మూలకి వెళ్ళి ఆగి, రెండో సిగ్నల్‌కి దాటే ఏర్పాటు చెయ్యండి. డెన్మార్క్‌లో సైకిళ్ళు పెద్ద మలుపు తిరిగేది ఇలా రెండు దశల్లోనే. డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షలో సైకిల్‌ని ఎలా దాటాలో అడగండి, తప్పు చెప్పినవాళ్ళకి లైసెన్స్ ఇవ్వకండి. ఎంత దూరం వదలాలో చెప్పండి. ఇది మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను, ఎందుకంటే దీనికే మీ దగ్గర్నుంచి ఎప్పుడూ జవాబు రాలేదు.

పోనీ ఇవన్నీ ఆలస్యం అవుతాయి అనుకుంటే, ఆ పోస్టర్ల మీద "ఓరగా వెళ్ళండి" అన్న మాటైనా ముందు తీసేయించండి. దానికి టెండర్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, మీ సంతకం చాలు. అవే పోస్టర్లు స్కూళ్ళకి కూడా పంపుతున్నారు, పిల్లలు దాన్ని నమ్మి కాలువ జాలీల మీదుగా, కారు తలుపుల పక్కనుంచి తొక్కుతున్నారు. స్కూళ్ళు తెరిచేలోపు ఈ ఒక్క పని చెయ్యండి.

ఇట్లు,
రోజూ సైకిల్ మీద పనికి వెళ్ళే ఒక పౌరుడు