ఎర్రగుడి శాసనాలు చదివి మాట్లాడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం కర్నూలులో జరిగిన సభ వార్త మీ జిల్లా ఎడిషన్‌లో చదివినప్పటి నుంచి మనసు మండిపోతోంది. వర్ణాలంటే పని పంపకమేనని, పూర్వం ఎవరికీ ఏ కష్టమూ లేదని ఒక వక్త అన్నారు. బుద్ధుడు రాగానే కులం మొత్తం పోయిందని ఇంకొకరు అన్నారు. ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. మీరేమో రెండు మాటలూ పక్కపక్కన వేసి ఊరుకున్నారు. ఏది నిజమో ఒక్క ముక్క రాయకూడదా?

సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది కదా! గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, ఎర్రగుడి గుట్ట మీద, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి అశోకుడి శాసనాలున్నాయి. 14 పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒక్కచోటే దొరికాయి. బ్రాహ్మణులకూ శ్రమణులకూ (బౌద్ధ, జైన సన్యాసుల వంటి వాళ్లకు) దానం చేయమని అందులో చెక్కించాడు. దాసులనూ పనివాళ్లనూ సరిగ్గా చూసుకోమన్నాడు. అంటే ఆనాడు దాసులున్నారు, వాళ్లకు యజమానులున్నారు. బౌద్ధం పట్టిన రాజు కూడా దాస్యాన్ని తీసెయ్యలేదు, మంచిగా చూడమన్నాడు, అంతే. దీనికి ఆ ఇద్దరు వక్తలూ ఏం జవాబు చెబుతారు?

బుద్ధుడు చేసింది తక్కువని నేననను. మంగలి ఉపాలికి తన శాక్య వంశపు రాకుమారుల కంటే ముందు దీక్ష ఇచ్చాడు. వెనక చేరిన రాకుమారులు అతనికి మొక్కాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాట! కానీ దాసుడికీ, అప్పు తీరనివాడికీ బౌద్ధ భిక్షువుల సంఘంలో దీక్ష ఇవ్వరాదని, భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలోనే ఉంది. సంఘంలో అడుగు పెట్టాక ఒక న్యాయం, బయట పాత న్యాయం. రెండూ కలిపి చెబితేనే అది చరిత్ర అవుతుంది.

ఎర్రగుడి చిన్న శాసనం దగ్గర నిలబడి చూడండి. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. అందులో మావటీలకు, కరణాలకు, బ్రాహ్మణ గురువులకు ఆజ్ఞ ఉంది: మీ శిష్యులకు పాత పద్ధతి ప్రకారం నేర్పండని. రాజు తన ధర్మాన్ని చెప్పించడానికి బ్రాహ్మణ గురువులను కూడా పిలిచాడు. హిందువులు ఒక పక్క, బౌద్ధులు ఒక పక్క అని గీత గీసి మాట్లాడేవాళ్లు ఇది చదివారా?

తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. పక్కనే ఉన్న ఈ రాళ్ల వైపు చూసేవాళ్లు ఎంతమంది? పిల్లలను బెలుం గుహలకూ గండికోటకూ టూర్ తీసుకెళ్తారు, మంచిదే. ఎర్రగుడికి తీసుకెళ్లమని ఒక స్కూల్లో అడిగితే, పరీక్షలో రాదు సార్ అన్నారు. చదువు ఇంతకు దిగజారిపోయింది. అధికారులు సభల్లో శాలువాలు కప్పించుకోవడానికి వస్తారు, ఈ గుట్ట ఎక్కడానికి మాత్రం తీరిక ఉండదు.

తన మతాన్ని పొగిడి ఎదుటివాళ్ల మతాన్ని తక్కువ చేసేవాడు తన మతానికే ఎక్కువ చేటు చేస్తాడని 12వ శాసనంలో ఉంది. దాని తెలుగు అనువాదం పూర్తిగా మీ ఆదివారం సంచికలో వేయండి. వచ్చే సభ ఎర్రగుడి గుట్ట దగ్గరే పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పత్తికొండ