గొంతునొప్పి దగ్గరే గుండెను కాపాడండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పిని మనం మామూలు జలుబుగా భావించి వదిలేస్తున్నాం. ఆ బ్యాక్టీరియాపై ఉండే ఎం ప్రోటీన్‌కూ గుండె కణజాలంలోని కొన్ని ప్రోటీన్లకూ పోలిక ఉండటంతో, క్రిమిని తరమడానికి పుట్టిన రోగనిరోధక శక్తే రెండు మూడు వారాల తరువాత కొందరు పిల్లల్లో సొంత కీళ్ల మీదికీ గుండె మీదికీ తిరుగుతుంది; దీన్నే రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్లవాపు పూర్తిగా తగ్గిపోయినా, గుండెలో రక్తం వెనక్కి పోకుండా తలుపుల్లా ఆపే కవాటాలకు, ముఖ్యంగా ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటానికి, జరిగిన హాని మిగిలిపోవచ్చు. ఎన్నో ఏళ్ల తరువాత, కొందరు స్త్రీలలో గర్భిణిగా ఉన్నప్పుడే, ఆయాసంతో అది బయటపడటం నన్ను అన్నిటికంటే కలచివేస్తుంది.

గొంతునొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ ఇస్తే రుమాటిక్ జ్వరాన్ని చాలావరకు నివారించవచ్చు. ఒకసారి ఆ జ్వరం వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి అందాలి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయాలు తీసుకునే వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ ఈ జ్వరంపై, దానివల్ల వచ్చే గుండె జబ్బుపై తీర్మానం కూడా చేసింది.

కాబట్టి ఈ మందు సరఫరా ఒక్క నెలైనా ఆగకుండా చూడాలనీ, రోగుల వివరాలు నమోదు చేసి ఇంజెక్షన్ తేదీని గుర్తుచేసే ఏర్పాటు చేయాలనీ, అలర్జీ భయంతో సూది వేయడానికి వెనుకాడే సిబ్బందికి తగిన శిక్షణ ఇప్పించాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు