రోడ్డు పగిలితే ఎం-బుక్ అడగండి

సంపాదకుడికి,

కొత్త సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండానే పగిలితే మనవాళ్లు ఫొటో తీసి మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు పెడతారు. నాలుగు తట్టల కంకర పోసి, పని పూర్తయిందని రాసి, ఫిర్యాదు మూసేస్తారు. సమాచార హక్కు చట్టం కింద అడగాల్సింది ఆ రోడ్డు కాగితాలు: అంచనా, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం), కాంక్రీటు క్యూబుల (నమూనా దిమ్మెల) గట్టిదనం తేల్చే 28 రోజుల పరీక్ష ఫలితం, తుది బిల్లు.

వీటిలో ఎం-బుక్కే కీలకం. వేసిన పొడవు, వెడల్పు, మందం ఇంజినీరు కొలిచి అందులో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. పొడవు, వెడల్పు ఎవరైనా టేపు పట్టి చూడొచ్చు కాబట్టి అక్కడ మోసం తక్కువ. మందం పైకి కనబడదు. 100 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు రోడ్డుకు 150 మిల్లీమీటర్ల మందం రాసి 100 వేస్తే, 25 ఘనపు మీటర్ల కాంక్రీటు కాగితం మీదే ఉండిపోతుంది. అంచున కనబడే మందాన్ని నమ్మొద్దు. అక్కడ నిండుగా పోసి మధ్యలో తగ్గించడం పాత ఎత్తే. అధికారుల సమక్షంలో నాలుగైదు చోట్ల రోడ్డును పైనుంచి అడుగుదాకా తొలిచి కోర్ (గుండ్రటి ముక్క) తీయించి కొలిస్తే తేలిపోతుంది. పనులను తనిఖీ చేసే హక్కు, సామగ్రి ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కు సమాచార హక్కు చట్టం (2005) సెక్షన్ 2(జె) పౌరులకు ఇచ్చింది. వాడేవాళ్లే అరుదు.

దరఖాస్తులు చాలావరకు రాతలోనే దెబ్బతింటాయి. "రోడ్డు ఎందుకు పగిలింది?" అంటే అభిప్రాయం అడిగారని తిప్పి పంపుతారు, అందులో చట్టపరంగా తప్పూ లేదు. రికార్డును పేరు పెట్టి అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

అగ్రిమెంటు చేతికి రాగానే డిఫెక్ట్ లయబిలిటీ గడువు చూడండి. ఆలోగా రోడ్డు చెడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. చేయకపోతే అతని డిపాజిట్‌లోంచి పట్టుకోవచ్చు. గడువు దాటి డిపాజిట్ తిరిగిచ్చేశాక అదే మరమ్మతుకు పన్నుల డబ్బే దిక్కు. అందుకే పగుళ్ల సంగతి గడువులోపే కమిషనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.

ఖర్చుల వివరాలు ఎవరూ అడక్కుండానే ప్రకటించాలని అదే చట్టంలోని సెక్షన్ 4 చెబుతోంది. ప్రతి రోడ్డు దగ్గరా దాని మందం, డిఫెక్ట్ గడువు ముగిసే తేదీ రాసిన బోర్డు పెట్టమని కార్పొరేషన్లను కోరుతున్నాం. శంకుస్థాపన ఫలకం మీద అన్ని పేర్లకు చోటు దొరుకుతున్నప్పుడు ఈ రెండు అంకెలకు దొరక్కపోదు.

ఇట్లు,
ఒక పాఠకుడు