మందు మానాడు సరే, చెయ్యి చేసుకోవడం మానాడా?

గౌరవనీయులైన కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డీ-అడిక్షన్ సెంటర్లో కౌన్సెలర్ని. చికిత్స అయ్యి ఇంటికెళ్లినవాళ్లకు ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడం నా పనుల్లో ఒకటి. రిజిస్టర్లో గడులు ఇవీ: మళ్లీ తాగాడా, మాత్రలు వేసుకుంటున్నాడా, పనికెళ్తున్నాడా. మూడూ బాగుంటే 'కోలుకున్నాడు' అని రాసేస్తాం. ఇంట్లో కొడుతున్నాడా అనే గడి లేదు.

ఉన్నా నిజం పడేది కాదేమో. ఫోన్ ఆయనది, స్పీకర్ ఆన్‌లో ఉంటుంది. "బానే ఉన్నారు మేడం" అంటుంది భార్య. ఒకావిడ సాయంత్రం పక్కింటి ఫోన్ నుంచి మళ్లీ చేసింది. "తాగట్లేదండీ, అబద్ధం చెప్పను. కూరలో ఉప్పు తగ్గిందని నిన్న కంచం విసిరాడు. ఇన్నాళ్లూ మందు కొట్టిస్తోందిలే అనుకున్నా. ఇప్పుడేమనుకోను?" మా లెక్కలో ఆయన కోలుకున్నవాడే.

మీ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే గొప్ప పని. దేశంలో సుమారు 16 కోట్ల మంది తాగుతారనీ, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందనీ దానివల్లే తెలిసింది. ఆ ఒక్కరి ఇల్లు తర్వాత ఎలా ఉందన్నది నా ప్రశ్న.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) చూడండి. తరచూ తాగొచ్చే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింస చవిచూశారు. భర్త అసలు తాగనివాళ్లలోనూ 23 శాతం మంది ఉన్నారు. తెలంగాణలో మగవాళ్లలో 43 శాతం, ఆంధ్రలో 23 శాతం తాగుతారు. భర్త చేతిలో హింసకు గురైనవాళ్లు మాత్రం అక్కడ 37, ఇక్కడ 30 శాతం. తాగుడు దాదాపు రెట్టింపు, దెబ్బలు కావు. నెపమంతా సీసా మీద వేస్తే సరిపోదు.

ఆ సర్వే "మీ ఆయన తాగుతాడా, ఎంత తరచుగా మత్తులో ఉంటాడు" అనే అడుగుతుంది. తాగి మానేశాడా, చికిత్స చేయించుకున్నాడా అని అడగదు. మానేసినవాడూ, ఎన్నడూ ముట్టనివాడూ ఒకే గడిలో పడతారు. ఇది కొత్త లోటేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. కుటుంబ ఆరోగ్య సర్వే ఇంట్లో దెబ్బల గురించి అడగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే, 1998-99లో!

మీ శాఖ తర్వాతి సర్వేలోనైనా చికిత్స పొందినవాళ్ల ఇళ్లలో హింస గురించి అడిగించండి. అడిగేది భార్యను, ఒంటరిగా ఉన్నప్పుడు. కుటుంబ ఆరోగ్య సర్వేకి ఈ పద్ధతి ఉంది: ఇంటికి ఒక్కరినే అడుగుతారు, చాటు దొరక్కపోతే ఆ ప్రశ్నలు వదిలేస్తారు. ఆమె జవాబు భర్త ఫైల్లోకి పోకూడదు. దెబ్బలు ఉన్నాయని చెబితే 181 మహిళా హెల్ప్‌లైన్‌కో, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికో దారి చూపే మనిషి అక్కడే ఉండాలి. అదీ లేకుండా అడగడం ఆమెను మరింత ప్రమాదంలోకి నెట్టడమే. చికిత్సకొచ్చే ఆడవాళ్లనూ మరవకండి. దెబ్బలు తిని తాగుడు మరిగినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

మీ గ్రాంటుతో నడిచే కేంద్రాల ఫాలో-అప్ ఫారాల్లో ఒక గడి చేర్చడానికి సర్వే దాకా ఆగక్కర్లేదు, సర్క్యులర్ చాలు. ఆ గడి ఎలా ఉండాలో ఫోన్లు చేసే మమ్మల్నీ ఒకమాట అడగండి.

ఇట్లు,
ఒక కౌన్సెలర్