చుక్క కాలవ అవతల పడింది

సంపాదకులు గారికి,

ముప్పై ఒక్క ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్‌ని. ‘రావిచెట్టు ఎదురు సందు, పెంకుటిల్లు’ అని మాత్రమే రాసున్నా చేర్చేవాణ్ణి. మొన్న మా ఆవిడ బీపీ మాత్రలు తెచ్చిన కుర్రాడు కాలవ అవతలి గట్టున ఆగి ఫోన్ చేశాడు. ‘లొకేషన్ ఇక్కడే చూపిస్తోందండీ!’ మా ఇంటి చుక్క మ్యాప్‌లో అటు పడింది. ఒకరికొకరం కనిపిస్తూనే ఉన్నాం, మధ్యలో నీళ్లు. నేను తువ్వాలు ఊపాను, పాపం అతను చెయ్యి ఊపాడు. వంతెన చుట్టి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

జీపీఎస్‌ని తప్పుపట్టను. 2000 మే నెలలో అమెరికా, సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేశాకే అది మామూలు జనానికి బాగా పనికొచ్చింది. ఇప్పుడు చేతి వాచీలోనూ ఉంది. అలాంటిదే మన దేశపు ఉపగ్రహాలతో నడిచే నావిక్ కూడా కొన్ని ఫోన్లలో పనిచేస్తోంది. కానీ ఇల్లు ఏ గట్టున ఉందో ఊళ్లో మనిషే చూసి చెప్పాలి.

2025లో మా తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. సుమారు నాలుగు మీటర్ల గడికో పది గుర్తుల కోడ్. హైదరాబాద్ ఐఐటీ, ఇస్రో వారి ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా చెయ్యేసిన పని. దాన్ని కరెంటు బిల్లు మీద అచ్చు వేయించండి. వేసేముందు ఆ బీటు పోస్ట్‌మన్‌ని గుమ్మం ముందు నిలబెట్టి సరిచూడండి.

అన్నట్టు, టార్చిలైటు యాప్‌కి నా లొకేషన్ దేనికో! ఆపేశాను.

– ఒక విశ్రాంత పోస్ట్‌మన్, అమలాపురం దగ్గరి పల్లె