కూల్చే ముందు కొలతలైనా తీయండి

సంపాదకుల వారికి,

అమృత్ భారత్ పథకం కింద రైల్వే స్టేషన్లు కొత్త రూపు దిద్దుకుంటున్న వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. 2023 ఆగస్టు 6న ఒక్కరోజే దేశమంతటా 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 18, తెలంగాణవి 21. లిఫ్టులు, ఎస్కలేటర్లు, మంచి వెయిటింగ్ హాళ్లు రావాల్సిందే. అయితే పాత భవనాన్ని పడగొట్టే ముందు దాని కొలతలు, ఫొటోలు ఎవరైనా తీసి భద్రపరుస్తున్నారా?

నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మేడమీది గదిలో మోడల్ రైల్వే, అంటే బొమ్మ రైళ్లు, పట్టాలు, వాటి చుట్టూ ఊరు కట్టుకున్నాను. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. బజారులో దొరికే కిట్లు ఎక్కువగా బయటి దేశాలవే కాబట్టి ఇన్నాళ్లూ నా రైలు, మంచు జారిపోయేలా నిటారు కప్పులు వేసిన జర్మనీ ఇళ్ల మధ్య తిరిగింది. ఇప్పుడు ఆ ఊరంతా తీసేసి, మా తెనాలి–రేపల్లె లైనులో వేమూరు, భట్టిప్రోలు పోలికలున్న ఊరొకటి కడుతున్నాను.

మన ఊరు కట్టాలంటే ముందు లెవెల్ క్రాసింగ్ గేటు పెట్టాలి. గేటు పడిందంటే ఊరు మొత్తం అక్కడే ఆగుతుంది. వడ్ల బస్తాల ట్రాక్టరు, దాని వెనక ఆర్టీసీ బస్సు, సైకిల్ని పక్కకు వంచి గేటు కిందనుంచి దూరే కుర్రాడు, ఆ పక్కనే టీ బడ్డీ. రైస్‌మిల్లు వీపు పట్టాల వైపు, ముఖం కాలవ గట్టు వైపు ఉండాలి. బజారు వీధి స్టేషన్ గుమ్మం దగ్గర మొదలై ఊళ్లోకి పోవాలి. పెంకుటిళ్లకు సన్న ముడతల అట్ట తీసుకుని, పైపొర ఊడదీసి రెడ్ ఆక్సైడ్ పూస్తే పెంకుల వరసలు చక్కగా వస్తాయి. వానకు నాచు పట్టినట్టు చూరు దగ్గర కాస్త నలుపు, కాస్త పచ్చ అద్దాలి. అప్పుడు గానీ అది డెల్టా ఇల్లు అనిపించదు.

ఈ పనిలో అన్నీ కొలత ప్రకారం రావు. పద్దెనిమిది పెట్టెల రైలుకు ప్లాట్‌ఫాం కట్టాలంటే ఈ స్కేల్లోనూ నాలుగున్నర మీటర్లకు పైనే కావాలి. నా గదే అంత లేదు. ప్లాట్‌ఫాం కుదించుకోవచ్చు, ఎవరూ పట్టించుకోరు. కిటికీ, తలుపు, వరండా స్తంభం మాత్రం కుదించకూడదు. వాటి కొలత తప్పితే ఆ పక్కన నిలబెట్టిన మనిషి బొమ్మ మరుగుజ్జుగానో రాక్షసుడిగానో కనిపిస్తుంది.

అందుకే ఒక చిన్న స్టేషన్ పాత భవనాన్ని టేపుతో కొలుచుకుందామని వెళ్లాను. అప్పటికే అది నేలమట్టమైంది. డ్రాయింగు ఎక్కడుందో ఆఫీసులో చెప్పగలిగినవాళ్లు లేరు. నాకు చాలా బాధ కలిగింది. కమాను టికెట్ కిటికీ, ఒంటి లైను మీద ఒకసారి ఒక్క రైలుకే అనుమతిచ్చే టోకెన్ మిషన్ ఉన్న గది, లీవర్లు లాగితే రెక్క వాల్చే పాత సిగ్నళ్లు చూసి పెరిగిన తరం ఇంకా బతికే ఉంది. వాటి కొలతలు మాత్రం కాగితం మీద మిగలడం లేదు.

పుణేలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. బొమ్మ ఊరు, లైట్లు, రైళ్లు చూడటానికి పిల్లల్ని తీసుకుని కుటుంబాలు వెళ్తుంటాయి. రేపు విజయవాడలోనో కాజీపేటలోనో ఎవరైనా అలాంటిది కట్టాలనుకుంటే మన స్టేషన్ల కొలతలు ఎక్కడ వెతుక్కోవాలి?

ఇది ఖర్చుతో కూడిన పనేం కాదు. ఉన్న భవనాన్ని కొలిచి గీయడం ఆర్కిటెక్చర్ విద్యార్థుల చదువులో భాగమే. కూల్చివేతకు ముందు దగ్గర్లోని కాలేజీకి ఒక ఉత్తరం రాస్తే, చిన్న స్టేషన్‌కైతే నలుగురు పిల్లలు టేపులు పట్టుకుని వచ్చి పని పూర్తిచేస్తారు. ఆ డ్రాయింగుల్ని డివిజన్లు అందరికీ అందుబాటులో పెట్టాలని రైల్వే అధికారులను కోరుతున్నాను.

మీకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో ఒక మూల పాత స్టేషన్ల ఫొటోలకు కేటాయించండి. పెళ్లివారు రైలు దిగుతున్నప్పుడు తీసిన ఫొటో అయినా సరే, వెనక గోడ, కిటికీ కనిపిస్తే చాలు. రేపల్లె లైనులో పాత గేటు గుమ్టీ (గేట్‌మన్ ఉండే చిన్న గది) ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ముందు అది వేయండి. నా ఊళ్లో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

– విశ్రాంత రైల్వే ఉద్యోగి, తెనాలి