టికెట్టు చెప్పని సమయం, దారి దాచే సమయం

సంపాదకుల వారికి నమస్కారం.

రద్దీ వేళల్లో దారిలో చిక్కుకుపోయి విమానం అందుకోలేకపోయిన ప్రయాణికుల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన పాఠకుల లేఖలను శ్రద్ధగా చదివాను. కొందరు విమానయాన సంస్థలకు జాలి లేదన్నారు. మరికొందరు తప్పంతా ప్రయాణికుల బద్ధకానిదేనని తేల్చి, ఇంకో గంట ముందు బయలుదేరితే సరిపోయేది కదా అన్నారు. ఒక విమానయాన సంస్థ చెక్-ఇన్ కౌంటర్‌లో పద్దెనిమిదేళ్లు కూర్చున్న దానిగా ఈ రెండు మాటల్లోనూ సగమే నిజం ఉందని చెప్పవలసి వస్తోంది. ఆలస్యంగా వచ్చి నా ముందు నిలబడిన వారిలో బద్ధకస్తులు చాలా తక్కువ. వారిలో ఎక్కువమంది రెండు సమయాలను నమ్మి ఇంటి నుంచి కదిలారు. ఒకటి టికెట్టు మీద అచ్చయిన సమయం, రెండోది ఫోనులో మ్యాప్ చూపిన సమయం. ప్రయాణికుడికి నిజంగా కావలసిన సమయం ఆ రెండింటిలో ఏదీ కాదు.

ముందు టికెట్టు సంగతి చెబుతాను. దాని మీద ఉదయం 10 గంటలు అని ఉంటే, విమానం ఆ వేళకు గాలిలోకి లేస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది విమానం తాను నిలిచి ఉన్న చోటు నుంచి కదలవలసిన వేళ. అప్పటికి తలుపులు మూసుకొని, మెట్లు తొలగించి, సరుకు ఎక్కించే అరలకు గడియలు పడి ఉండాలి. అందుకే చాలా సంస్థలు బోర్డింగ్ గేటును 15 నుంచి 25 నిమిషాల ముందే మూసేస్తాయి. లగేజీ తీసుకునే కౌంటర్ దేశీయ ప్రయాణాలకు తరచుగా 45 నుంచి 60 నిమిషాల ముందు, విదేశీ ప్రయాణాలకు గంట లేదా అంతకన్నా ముందు మూతపడుతుంది. అంటే పెట్టె అప్పగించవలసిన ప్రయాణికుడికి 10 గంటల విమానం అసలు అర్థంలో 9 గంటల విమానం. ఈ మాట టికెట్టులో ఉండదని కాదు, ఉంటుంది. కానీ బయలుదేరే వేళ పెద్ద అక్షరాల్లో పైన, కౌంటర్ మూసే వేళ షరతుల మధ్య చిన్న అక్షరాల్లో కింద ఉంటాయి.

ఆ కౌంటర్‌ను ఐదు నిమిషాలు ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఏం పోయిందని నన్ను ఎందరో అడిగారు. అడగడంలో తప్పు లేదు, జవాబు మాత్రం చెప్పవలసిందే. కౌంటర్ మూయగానే ప్రయాణికుల సంఖ్య, పెట్టెల సంఖ్య, వాటి బరువు లెక్కకు వెళతాయి. ఏ అరలో ఎంత బరువు ఉందో, విమానం ముందుకు తూగుతుందో వెనక్కు తూగుతుందో చెప్పే లోడ్ షీట్ ఆ లెక్కతోనే తయారై పైలట్ చేతికి చేరుతుంది. పెట్టెలకూ తనిఖీ జరగాలి, అవి విమానం దాకా బండ్ల మీద వెళ్లాలి. ఇంకొకటి కూడా ఉంది. 1985 జూన్ 23న అట్లాంటిక్ మీద పేలిపోయిన ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న పెట్టెను చెక్-ఇన్ చేయించిన మనిషి విమానమే ఎక్కలేదు. ఆ తరువాత, అప్పగించిన పెట్టెకు మనిషి ఎక్కాడా లేదా అని సరిచూడడం అంతర్జాతీయ విమానయానంలో గట్టి నిబంధన అయింది. మనిషి గేటుకు రాకపోతే అతని పెట్టెను వెతికి దించాలి. వందల పెట్టెల మధ్య ఒక పెట్టె కోసం మనుషులు వెతుకుతూ ఉంటే లోపల కూర్చున్న వారందరి సమయం కరిగిపోతుంది. మాకు చెప్పిన గడువు వెనుక ఉన్నది ఇదీ.

అయినా ఆ గడువును అమలు చేయవలసిన చేతులు నావి కాబట్టి ఒక ఉదయం నాకు ఈనాటికీ మరపు రాదు. ముప్పై ఏళ్లు కూడా నిండని ఒక అబ్బాయి కౌంటర్ మూసిన ఏడు నిమిషాలకు వచ్చాడు. చొక్కా వీపున తడిసి అంటుకుపోయి ఉంది, పెట్టె చక్రం ఒకటి విరిగితే దాన్ని భుజాన వేసుకొని పరుగెత్తుకొచ్చాడు. మాట పెగలక ముందుగా ఫోను నా ముందు పెట్టాడు. ఇంట్లో బయలుదేరినప్పుడు తీసుకున్న మ్యాప్ బొమ్మ అందులో ఉంది: 50 నిమిషాలు. దానికి మరో అరగంట కలుపుకొని బయలుదేరానమ్మా అన్నాడు. ఫ్లైఓవర్ ఎక్కే చోట లారీ ఆగిపోయిందట, గంటా యాభై నిమిషాలు పట్టిందట. అతను వెళుతున్నది తండ్రి ఆఖరి చూపుకు. నేను పైవారిని అడిగాను, గేటుకు ఫోను చేశాను, లోడ్ షీట్ వెళ్లిపోయిందన్నారు. తరువాతి విమానం సాయంత్రం. అతను నా మీద కేకలు వేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. పెట్టె మీద కూర్చొని ఫోనులో ఆ 50 నిమిషాల అంకె వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది అతనికి పనికొచ్చే నిజం కాదు. రద్దీ వేళ దారి మామూలు దారిలా ప్రవర్తించదు. వాహనాలు పదో వంతు పెరిగితే ప్రయాణం పదో వంతే పెరుగుతుందని మనసు అనుకుంటుంది. కానీ దారి తన సామర్థ్యం అంచుకు చేరాక, కొద్దిపాటి అదనపు వాహనాలే వేగాన్ని ఒక్కసారిగా కూలదోస్తాయి. జపాన్ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 230 మీటర్ల గుండ్రటి బాట మీద 22 కార్లను గంటకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, కూడలి లేదు, ప్రమాదం లేదు. అయినా కాసేపటికే కార్లు ఒకచోట గుంపుకట్టి ఆగిపోయాయి, ఆ ఆగడం అలలాగా వెనక్కు పాకింది. ఒకరు కాస్త గట్టిగా బ్రేకు వేస్తే వెనకవారు ఇంకాస్త గట్టిగా వేస్తారు, గోరంతది కొండంత అవుతుంది. ఇక దారికి అడ్డంగా ఏదైనా ఆగిందంటే సంగతి మరీ ఘోరం. మూడు వరుసల రహదారిలో ఒక వరుస మూసుకుపోతే పోయేది మూడో వంతు అనుకుంటాం, నిజానికి దాదాపు సగం సామర్థ్యం పోతుంది. మిగిలిన రెండు వరుసల్లోకి దూరేవారి తొక్కిడి, ఏమైందో చూడాలని నెమ్మదించేవారి ఆరాటం ఆ మిగతాది తినేస్తాయి.

మ్యాప్ యాప్ మనం చూసిన క్షణంలో ఉన్న పరిస్థితిని, అలాంటి రోజుల్లో సాధారణంగా జరిగేదాన్ని కలిపి ఒక అంచనా చెబుతుంది. ఉద్యోగానికి వెళ్లేవారికి అది చాలు, పది నిమిషాలు అటూ ఇటూ అయితే ఆఫీసు ఎక్కడికీ ఎగిరిపోదు. విమానానికి వెళ్లేవారి లెక్క వేరు. పది నిమిషాలు ముందు చేరితే వచ్చే లాభం ఏమీ లేదు, పది నిమిషాలు ఆలస్యమైతే ప్రయాణమంతా పోతుంది. సగటు కాదు, చెడ్డ రోజున ఎంత పట్టిందన్నదే వారికి కావాలి. రహదారి ఇంజినీర్లకు ఈ సంగతి కొత్తది కాదు. అమెరికాలో రహదారుల పనితీరును కొలిచేటప్పుడు, నూటికి 95 ప్రయాణాలు ఎంత సమయంలోపు పూర్తవుతాయన్న కొలతను ఏళ్లుగా వాడుతున్నారు. దాని ప్రకారం బయలుదేరితే ఇరవై పనిదినాల్లో ఒక్కరోజే ఆలస్యమవుతుంది. విమానానికి ఆ ఒక్కరోజు కూడా ఎక్కువేనని నేను అంటాను. మన నగరాల్లో మాత్రం ఆపాటి అంకె కూడా ప్రయాణికుడికి ఎవరూ చెప్పరు.

ఇంకో గంట ముందు బయలుదేరమన్న సలహాకు ఇప్పుడు వస్తాను. ఎంత ముందు అన్నది కాదు, రద్దీకి ముందా, రద్దీ లోపలా అన్నదే అసలు ప్రశ్న. నేను ఏళ్ల తరబడి ఉద్యోగానికి వెళ్లిన దారిలో ఉదయం 6:15కు కదిలితే 35 నిమిషాల్లో చేరేదాన్ని. 7:30కు కదిలితే గంటా ఇరవై పట్టిన రోజులున్నాయి. 8:30కు వెళ్లవలసినవారు 7:30కు వెళ్లి, గంట ముందే కదిలాం కదా అని ధైర్యంగా ఉంటే, వారు నడి ప్రవాహంలోకి దిగినట్టే. అదే మరో గంట పదిహేను నిమిషాలు ముందుకు జరిగితే రోడ్డు మీద గడిపే సమయమే సగానికి పైగా తగ్గుతుంది, మిగిలిన సమయం విమానాశ్రయంలో కుర్చీలో కూర్చొని గడుస్తుంది. కాబట్టి నన్ను అడిగిన వారికల్లా చెప్పేది ఒకటే: టికెట్టు మీది సమయాన్ని పక్కన పెట్టి, కౌంటర్ మూసే సమయాన్ని కాగితం మీద రాసుకోండి. ముందు వారాల్లో అదే రోజున, అదే వేళలో మ్యాప్ ఎంత చూపుతుందో రెండు మూడు సార్లు గమనించండి, వాటిలో పెద్ద అంకెనే తీసుకోండి. వాన పడే కాలమైతే అది కూడా చాలదు. వీలైతే పెట్టె అప్పగించే అవసరం లేకుండా చేతి సంచితో వెళ్లి, బోర్డింగ్ పాస్ ముందురోజే తీసుకోండి. అప్పుడు మీ గడువు కౌంటర్ నుంచి గేటుకు మారి అరగంట కలిసొస్తుంది. క్యాబ్ దొరికే సమయాన్ని కూడా ప్రయాణంలో భాగంగానే లెక్కించండి, ఒక డ్రైవరు రానంటే రెండోవాడు వచ్చేసరికి పావుగంట పోవడం మామూలే.

చివరి అరకిలోమీటరును అందరూ మరచిపోతారు. టెర్మినల్ కనిపించగానే చేరిపోయామనుకుంటారు. దింపే చోట కార్లు మూడు వరుసలుగా ఆగి, ఒక్కో కుటుంబం పెట్టెలు దించుకొని, పిల్లలను ముద్దులాడి వీడ్కోలు చెప్పేసరికి వెనక బారు పెరుగుతూ ఉంటుంది. వారిని నేను తప్పుపట్టను, దూరం వెళ్లేవారిని అలా దింపడమే మనుషుల స్వభావం. కానీ ఉదయపు విమానాలన్నీ ఒకేసారి గుమిగూడే వేళ, రోడ్డు రద్దీ వేళ, లోపల భద్రతా తనిఖీ వరుస అతి పొడవుగా ఉండే వేళ తరచుగా ఒకటే అవుతాయి. దారిలో పోయిన సమయాన్ని లోపల సంపాదించుకునే వీలు ఆ వేళల్లో ఉండదు.

ఇంతవరకు ప్రయాణికుడు చేయగలిగింది చెప్పాను. అతను ఒక్కడే చేసి తీరేది కాదు కనుకనే ఈ లేఖ రాస్తున్నాను. రోడ్డుతో సంబంధం లేని దారి ఒకటి ఉండాలని విమానాశ్రయాలు కట్టిన తొలినాళ్లలోనే కొందరు గ్రహించారు. లండన్ సమీపంలోని గాట్విక్‌లో 1936లో కట్టిన గుండ్రటి టెర్మినల్ నుంచి రైల్వే స్టేషన్‌కు నేల కిందుగా దారి ఉండేది. టోక్యోలో ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు, 1964 సెప్టెంబరులో, హనేదా విమానాశ్రయానికి మోనోరైలు మొదలైంది. హాంకాంగ్‌లో 1998లో విమానాశ్రయంతో పాటే వచ్చిన ఎక్స్‌ప్రెస్ రైలు నగర కేంద్రం నుంచి దాదాపు 24 నిమిషాల్లో చేరుస్తుంది. అక్కడి మేలు వేగం ఒక్కటే కాదు, నగరంలోని స్టేషన్‌లోనే పెట్టె అప్పగించే ఏర్పాటు చేశారు. ఢిల్లీలో 2011లో మొదలైన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలోనూ అలాంటి ఏర్పాటు వచ్చింది. పెట్టె నగరంలోనే చేతులు మారితే దారి మీది భయం సగం దిగిపోతుంది.

రైలు వేయడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆగనవసరం లేనివి కొన్ని ఉన్నాయి. విమానాశ్రయ బస్సు కార్ల మధ్యే కూరుకుపోతే అది ప్రత్యామ్నాయం కాదు. దానికి రద్దీ గంటలకైనా విడి వరుస ఇవ్వాలి. మొదటి రైలు మొదటి విమానాల కౌంటర్లు మూతపడ్డాక బయలుదేరితే అది తెల్లవారుజాము ప్రయాణికుడికి లేనట్టే. ఫ్లైఓవర్ల దగ్గర ఆగిపోయిన వాహనాలను లాగేసే క్రేన్ రద్దీ వేళంతా అక్కడే సిద్ధంగా ఉండాలి, కబురు అందాక బయలుదేరితే అదీ ఆ ట్రాఫిక్‌లోనే చిక్కుకుంటుంది. స్టాక్‌హోమ్‌లో 2006లో, నగర కేంద్రంలోకి వచ్చిపోయే వాహనాల మీద వేసే రద్దీ పన్నును ఏడు నెలలు పరీక్షించినప్పుడు, ఆ వాహనాలు దాదాపు ఐదో వంతు తగ్గితే, బారుల్లో వృథా అయ్యే సమయం అంతకన్నా ఎక్కువ నిష్పత్తిలో తగ్గింది. దారి అంచున ఉన్నప్పుడు కొంచెం తగ్గించినా ఎంతో కలిసొస్తుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

విమానయాన సంస్థలను కోరేది ఖర్చు లేని పని. టికెట్టు మీద, ముందురోజు పంపే సందేశంలో కౌంటర్ మూసే వేళనే పెద్ద అక్షరాల్లో మొదట వేయాలి, బయలుదేరే వేళ దాని కింద ఉండవచ్చు. నాతో పనిచేసిన వారెవరినైనా అడగండి, ఇది జరిగితే కౌంటర్ దగ్గర కన్నీళ్లు ఎన్ని తగ్గుతాయో వారు చెబుతారు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. వాతావరణ వివరాలు వేసే చోట, వారానికొకసారి, విమానాశ్రయ దారిలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటగంటకు ఆ వారంలో పట్టిన అత్యధిక సమయాన్ని ట్రాఫిక్ పోలీసుల నుంచి తీసుకొని ఒక చిన్న పట్టికగా ప్రచురించండి. సగటు వేయవద్దు. ఆ అబ్బాయి ఫోనులో ఉన్నది సగటే.

భవదీయురాలు,
విమానయాన సంస్థలో పదవీ విరమణ పొందిన ఒక ఉద్యోగిని